హారియట్ టబ్‌మన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బానిసత్వము చట్టసమ్మతమై యున్న కాలమున, మేరీలాండు రాష్ట్రములోని డార్చెస్టరు మండలమందు, సుమారు 1822వ సంవత్సరమున ఒక బానిస కుటుంబములో ఒక బాలిక జన్మించెను. తండ్రి బెన్ రాస్, తల్లి హారియట్ గ్రీన్. వారు బిడ్డకు అరమింటా యని పేరిడి, మింటీ యని ముద్దుగా పిలుచుకొనుచుండిరి. పెద్దదైన పిదప తల్లి పేరును తాను ధరించి, హారియట్ టబ్‌మన్ అను పేర లోకప్రసిద్ధి గాంచిన వీరవనిత ఈమెయే. ఈమె సుమారు డెబ్బదిమంది బానిసలను చెరనుండి విడిపించెనని పెక్కుమంది యెరుగుదురు. ఆ పని యంతయు మానని తలగాయపు బాధతోనే చేసెనని యెరిగినవారు కొలదిమంది.

మింటీ ఆరేండ్ల ప్రాయముననే తల్లిని విడిచి, ఇతరుల యిండ్లలో కూలిపని చేయవలసి వచ్చెను. ఆ కూలి యంతయు యజమానికే చేరెడిది. 1834-36 సంవత్సరముల నడుమ, ఆమె యింకను పసితనము వీడని బాలికగా నున్నప్పుడు, ఒకనాడు బక్‌టౌను గ్రామములోని అంగడికి వెళ్లెను. పని విడిచి వచ్చిన ఒక బానిసను వెంటాడుచు మేస్త్రీ యొకడు అచ్చటికి వచ్చి, వానిని కట్టివేయుటకు తోడ్పడుమని ఆమెను ఆజ్ఞాపించెను. బాలిక యందుకు సమ్మతింపలేదు. బానిస వాకిలి దాటి పరుగెత్తెను. మేస్త్రీ బల్లమీదనున్న రెండు పౌనుల తూకపుగుండును వానిపై విసరగా, అది గురి తప్పి బాలిక తలకు తగిలి పుర్రెను పగులగొట్టెను. నెత్తుట తడిసిన యామెను మోసికొనిపోయి మగ్గపు పీటమీద పరుండబెట్టిరి. వైద్యము జరుగలేదు. రెండు దినములు కాగానే మరల పొలమునకు పంపిరి. చెమటయు నెత్తురును కన్నులలోనికి కారుచుండగా ఆమె పని చేసెను.

గాయము పైకి మానెను; లోపల మానలేదు. నాటినుండి తీవ్రమైన తలనొప్పి యామెను విడువలేదు. మాటలాడుచుండగనే, పని చేయుచుండగనే, హఠాత్తుగా నిద్ర ముంచుకొని వచ్చెడిది. లేపినను లేవలేకపోయెడిది. కొంతసేపటికి తానే కన్నులు విప్పి, విడిచిన మాటను విడిచినచోటనే యందుకొనెడిది. వింత స్వప్నములును దర్శనములును కలిగెడివి. దైవభక్తురాలగు నామె వానిని దేవుడు తనకు చూపు త్రోవగా విశ్వసించెను. తలదెబ్బవలన కలిగిన ఒకవిధమగు మూర్ఛవ్యాధికి ఇవి లక్షణములని నేటి చరిత్రకారులు కొందరు తలంచుచున్నారు. ఆనాటి యజమానికి మాత్రము ఆమె పనికిరాని సరకుగా తోచెను. అతడామెను అమ్మజూపగా కొనువాడు లేకపోయెను.

ఇట్టి స్థితిలో ఆమెకు దొరకిన ఆదరువు తండ్రి పని చేయు అడవియే. బెన్ రాస్ కలపపనిలో ఆరితేరినవాడు; చెట్లు కొట్టించి దుంగలను పంపు పనికి పెద్దగా నుండెను. ఆమె జాన్ స్టూవర్టు అను వర్తకునియొద్ద ఐదారేండ్లు కూలికి కుదిరెను. కొంతకాలము తండ్రి చేతిక్రిందనే పని చేసెను. కట్టెలు కొట్టుట, ఎద్దులను తోలుట, దుంగలను లాగుట మున్నగు మగవారి పనులన్నియు నేర్చెను. తుదకు ఏటికి యాబది అరువది డాలర్లు యజమానికి చెల్లించి, తన శ్రమకు తానే బేరము కుదుర్చుకొను స్వేచ్ఛను సంపాదించెను. మిగిలిన సొమ్ముతో నలుబది డాలర్ల విలువగల కోడెల జతను కొనెను. కొనువాడు లేని బానిస ఇట్లు కోడెలకు యజమానురాలయ్యెను. 1844లో జాన్ టబ్‌మన్ అను స్వతంత్రుని వివాహమాడెను.

1849లో యజమాని మరణింపగా, బానిసలను దూరప్రాంతములకు అమ్మివేయుదురను భయము కలిగెను. ఆ శరత్కాలమున హారియట్ ఒంటరిగా బయలుదేరి, రాత్రులందు నడచి పెన్సిల్వేనియా చేరెను. ఫిలడెల్ఫియాలో వంటపనియు ఇంటిపనియు చేసి సొమ్ము కూడబెట్టి, తనవారిని తెచ్చుటకై మరల మేరీలాండునకు పోయెను. 1860వరకు ఇట్లు సుమారు 13 పర్యాయములు పోయి వచ్చెను. పారిపోయిన బానిసలను ఉత్తర రాష్ట్రములలో సైతము పట్టి యప్పగింపవలెనని 1850లో చట్టము వచ్చుటచే, తన వెంట వచ్చినవారిని కెనడా దేశమువరకు నడిపించెను.

రాత్రులు దీర్ఘములైన చలికాలమునే ఆమె కోరుకొనెడిది. పత్రికలలో ప్రకటన సోమవారమునకు ముందు వెలువడదు గనుక శనివారపు రాత్రి బయలుదేరెడిది. ఇంత యోచన చేసినను నిద్రకు గడువు పెట్టుట ఆమె చేతిలో లేదు. పారిపోయి వచ్చినవారి వృత్తాంతములను వ్రాసియుంచిన విలియం స్టిల్, ఆమె ఈ ప్రయాణముల నడుమ త్రోవప్రక్కనే కూర్చుండి గాఢముగా నిద్రపోయెడిదని 1872లో ప్రకటించిన గ్రంథమున తెలిపెను. త్రోవ యెరిగినది ఆమెయే. వెనుక తరుమువారు, ముందు తెలియని చీకటి, నాయకురాలు నిద్రలో. అట్టి వేళ తోడివారికి ఆమె ప్రక్కన నిలిచి యుండుటయే కర్తవ్యము. ఆమె వెంట వచ్చినవారిలో ఒక్కరును పట్టుబడలేదు.

విల్మింగ్టనులో థామస్ గారెట్ అను ఇనుప వర్తకుడు ఆమె తెచ్చినవారికి చెప్పులును సొమ్మును ఇచ్చి సాగనంపెడివాడు. ఫిలడెల్ఫియాలో విలియం స్టిల్ ఆశ్రయము చూపెడివాడు. 1859లో సెనేటరు విలియం సీవర్డు న్యూయార్కు రాష్ట్రములోని ఆబర్న్ పట్టణమున సులభపు వాయిదాలపై ఆమెకు ఇల్లు విక్రయించెను. ఇట్లు ఆమె పనికి పలువురి చేతులు తోడయ్యెను.

అంతర్యుద్ధమున ఆమె దక్షిణ కెరొలీనాలో సైనికులకు వంటచేసి, రోగులకు పరిచర్య చేసి, శత్రువుల జాడ తీసెను. 1863 జూన్ 2వ తేదీన కర్నల్ జేమ్స్ మాంట్‌గొమరీ సేనతో కోంబాహీ నదిమీద నడచిన దాడిలో త్రోవచూపగా, ఏడువందలమందికి పైగా బానిసలు విముక్తులైరి. ఆమె సేవకు తగిన ప్రతిఫలము మాత్రము బహుకాలము లభింపలేదు. 1899లో గాని నెలకు ఇరువది డాలర్ల పింఛను మంజూరు కాలేదు.

ముదిమిలోను తలపోటు ఆమెకు నిద్ర లేకుండ జేసెను. 1890 దశాబ్దపు చివర బోస్టను నగరములోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో తలకు శస్త్రచికిత్స చేయించుకొనెను. మత్తుమందు వలదని బాధను సహించెనని చెప్పుదురు. తరువాత కొంత ఉపశమనము కలిగెను. నిరుపేదలగు నల్లజాతి వృద్ధులకై తాను తలపెట్టిన ఆశ్రమము 1908లో తెరువబడెను. తుదకు తానును అందే చేరి, 1913 మార్చి 10వ తేదీన పరమపదించెను.

ప్రియ విద్యార్థులారా, కాలు విరిగినవానికి కఱ్ఱ యిత్తుము. తలకు దెబ్బ తగిలినవాని బాధ మనకు కనబడదు. పాఠము నడుమ కునుకువానిని, చెప్పినది మరచువానిని సోమరియని యెంచుటకు ముందు హారియట్ టబ్‌మన్‌ను స్మరింపుడు. ఆమె నిద్ర చూచి ఆమెను విడిచిపోయినవారికి స్వాతంత్ర్యము దొరకియుండెడిది కాదు. ఆమె మేల్కొనువరకు వేచియున్నవారే గమ్యము చేరిరి.