విప్పి చూసినవాడు: జి.డి. నాయుడు

కోయంబత్తూరు అనగానే మోటార్లు, పంపుసెట్లు గుర్తొస్తాయి. ఆ ఊరికి ఆ పేరు రావడం వెనక ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన మనిషి ఉన్నాడు. ఆయనే గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. మనలా బీటెక్ చదవలేదు, అసలు హైస్కూలు మొహమే చూడలేదు.

1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయింది. బడి అంటే అస్సలు పడేది కాదు, మధ్యలోనే మానేసి పొలం పనుల్లో పడ్డారు. ఒకసారి ఒక బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటార్ సైకిల్ మీద ఆ వైపు వచ్చాడు. ఎద్దూ లేదు, గుర్రమూ లేదు, బండి మాత్రం పరుగెడుతోంది! మనసంతా దాని మీదే. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరి, రూపాయి రూపాయి కూడబెట్టి ఆ బండి కొనేశారు. కొన్నాక చేసిన పని ఏంటో తెలుసా? మొత్తం విప్పేసి, మళ్లీ బిగించారు. ఆయన ఇంజినీరింగ్ కాలేజీ అదే అన్నమాట.

1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. డ్రైవర్ కూడా తనే. 1933 నాటికి ఆయన కంపెనీ యు.ఎం.ఎస్. దగ్గర దాదాపు 280 బస్సులున్నాయి. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి చేసిన మోటారుని మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు అంటారు. బ్యాటరీతో నడిచే షేవింగ్ రేజర్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పండ్ల రసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం... లిస్టు పెద్దదే.

అన్నీ కలిసిరాలేదు. 1952లో రెండు వేల రూపాయలకే ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు తయారుచేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు అక్కడే ఆగిపోయింది. అంతకుముందు 1945లో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ మొదలవడానికి ఆయనే కారణం. నాలుగేళ్ల కోర్సు టైం వేస్టు, రెండేళ్లు చాలు అన్నది ఆయన పట్టు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. (ఈ పేరా మన హెచ్‌ఓడీ గారి కంట పడకపోతే మంచిది.) 1974 జనవరి 4న చనిపోయారు.

ఇదంతా పాత కథే కదా, ఇప్పుడెందుకు? చెప్తాను. మా తిరువూరు నుంచి విజయవాడ వెళ్తే ఆటోనగర్‌లో బస్సులకి, లారీలకి బాడీలు కట్టే షెడ్లు కనిపిస్తాయి. అలాంటి ఓ చిన్న షెడ్డులో బస్సు ముందు ప్యానెల్‌ని ఫైబర్‌తో చెయ్యాలనుకోండి. మూసిన అచ్చులో గాజు పీచు పరిచి, ఒత్తిడితో రెజిన్ పంపిస్తారు. లోపల అది ఏ మూలకి చేరిందో, ఏ మూలకి చేరలేదో బయటికి కనపడదు. ఒక మూల పొడిగా ఉండగానే రెజిన్ గట్టిపడితే ప్యానెల్, సరుకు, ఆ రోజు కూలి అన్నీ పోయినట్టే. నాయుడు గారి బండిలా దీన్ని విప్పి చూడలేం, మళ్లీ బిగించలేం.

అక్కడే సిమ్యులేషన్ పనికొస్తుంది. దీనికి ఆధారం 1856లో డార్సీ అనే ఫ్రెంచ్ ఇంజినీరు ఇసుకలో నీటి ప్రవాహాన్ని కొలిచి చెప్పిన సూత్రం. ఒత్తిడి తేడా పెరిగితే ప్రవాహం వేగంగా సాగుతుంది, పీచు ఒత్తుగా ఉంటే నెమ్మదిస్తుంది. ద్రవం చిక్కదనం లెక్కని తర్వాతివాళ్లు కలిపారు. అచ్చుని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి క్షణానికీ ఏ గడి ఎంత నిండిందో కంప్యూటర్ లెక్కిస్తుంది. రెజిన్ ఎక్కడినుంచి పంపాలి, గాలి ఎక్కడినుంచి బయటికి పోవాలి అన్నది సరుకు ముట్టుకోకముందే తేలుతుంది. ఒక్క షరతు: ఆ పీచులోంచి రెజిన్ ఎంత తేలిగ్గా పారుతుందో ముందు కొలవాలి. ఆ అంకె తప్పయితే స్క్రీన్ మీద రంగులు ఎంత అందంగా ఉన్నా జవాబు తప్పే.

పెద్ద కంపెనీలకి ఈ సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత ఉంది, షెడ్డు ఓనర్‌కి లేదు. కానీ ఓపెన్‌ఫోమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లేనిదల్లా దాన్ని షెడ్డులో పనిచేసేవాళ్లకి అర్థమయ్యేలా, తెలుగు బటన్లతో, మామూలు ల్యాప్‌టాప్‌లో నడిచేలా మార్చేవాళ్లు. నాయుడు గారికి లైసెన్సు అడ్డొచ్చింది. ఈ పనికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. ఫైనలియర్ ప్రాజెక్టు టాపిక్ ఇంకా దొరకనివాళ్లు, ఒక్కసారి ఆటోనగర్ వెళ్లి చూడండి.