సముద్రము దాటిన బొమ్మలు
(సిడ్నీ గ్యూలిక్ దొరగారి జీవితము)

చదువవలసిన భాగములు: ప్రసంగి 11:1–6, యెహోషువ 2:1–14



విత్తిన చేను కన్నులయెదుట ఎండిపోవునప్పుడు రైతు గుండె ఎట్లుండునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. దేవుని పనిలో అట్టి ఎండను చూచిన ఒక సేవకుని జీవితమును ఈ నెల ధ్యానింతము.

సిడ్నీ లూయిస్ గ్యూలిక్ 1860లో పసిఫిక్ మహాసముద్రమునందలి మార్షల్ దీవులలో, ఎబోన్ అను చిన్న ద్వీపమున జన్మించెను. తల్లిదండ్రులు అమెరికా మిషనెరీలు. తాతగారును హవాయి దీవులలో మిషనెరీయే. ఆయన వేదాంత విద్య ముగించుకొని, వివాహమాడి, 1888లో భార్యతోకూడ జపాను దేశమునకు వెళ్లెను. అక్కడ ఇంచుమించు ఇరువదియైదేండ్లు సేవచేసి, ఆ ప్రజల భాషలోనే వారికి బోధించెను. క్యోటో పట్టణమందలి దోషీషా క్రైస్తవ కళాశాలలో వేదాంతము నేర్పెను.

1913లో దొరగారు స్వదేశమునకు తిరిగి వచ్చినప్పుడు అక్కడ జపానీయులపై ద్వేషము రగులుచుండెను. వారు సేద్యపు భూమి కొనకుండ కాలిఫోర్నియా రాష్ట్రమువారు ఆ సంవత్సరమే చట్టము చేసిరి. దొరగారికిది సహింపరానిదాయెను. జపానులో నిలువబడి దేవుడు పక్షపాతి కాడని బోధించినవాడు, అమెరికాలో నోరు మూసికొని యుండుట ఎట్లు? అన్ని దేశములవారికిని ఒకే న్యాయముండవలెనని సంఘములలో ఉపన్యసించెను, గ్రంథములు వ్రాసెను. కొందరాయనను జపాను పక్షపువాడని నిందించిరి. తుదకు 1924లో జపానీయులు అమెరికాలో కాపురమునకు రాకుండ తలుపు మూసివేయు చట్టము వచ్చెను. పదేండ్ల ప్రయాస నీళ్ల పాలయినట్లుండెను.

ఆయన కూలబడలేదు. పెద్దల మనస్సులు బిగిసిపోయినను పిల్లల మనస్సులు ఇంక మెత్తగా నున్నవిగదా అని తలంచెను. జపానులో మార్చి 3వ తేదీన ఆడపిల్లల కొరకు బొమ్మల పండుగ జరుగును. మన దేశములో సంక్రాంతికి కొందరి యిండ్లలో బొమ్మల కొలువు పెట్టునట్లే, అక్కడ ఇంటింట మెట్లు కట్టి బొమ్మలు నిలుపుదురు. ఆ పండుగకు అమెరికా పిల్లలు జపాను పిల్లలకు బొమ్మలు పంపవలెనని ఆయన ఆలోచన. ప్రొటెస్టెంటు సంఘముల సమాఖ్య ఆధ్వర్యమున 1926లో దీనికొక కమిటీ ఏర్పడెను. సండేస్కూలు పిల్లలు, బడిపిల్లలు పైసా పైసా కూడబెట్టిరి. చిన్న చేతులు గౌనులు కుట్టినవి. ఆ బొమ్మలు కండ్లు తెరచి మూయును, వంచినయెడల అమ్మా అని పిలుచును. ప్రతి బొమ్మకు ఒక పేరు, ఒక ఉత్తరము, నిజమైన ప్రయాణికులకున్నట్లే ఒక పాస్‌పోర్టు!

ఇట్లు 12,739 బొమ్మలు ఓడలెక్కి 1927లో జపాను చేరినవి. వాటికి స్వాగతము పలుకు పనిని పూనుకొన్నవాడు షిబుసావా ఐయిచి అను ఎనుబదేండ్లు దాటిన వర్తక ప్రముఖుడు. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను సమాధానము కోరు దొరగారితో చేయి కలిపెను. బొమ్మలు దేశమంతట పాఠశాలలకు పంచబడెను. అప్పుడు జపాను బాలికలు ఊరకుండిరా? తలకొక సెన్ చొప్పున, అనగా యెన్‌లో నూరవ వంతు, చందా వేసికొని, 58 పెద్ద బొమ్మలను పట్టుబట్టలతో అలంకరించి, ఆ యేటి చివరనే అమెరికాకు బదులు పంపిరి. పిమ్మట అమెరికా పిల్లలు, అంతర్యుద్ధములతో నలిగిన మెక్సికో దేశపు పిల్లలకు బడిసంచులు పంపిరి.

ఇంతవరకు పచ్చని చేను. 1941 డిసెంబరులో జపాను విమానములు పెర్ల్ హార్బరుపై బాంబులు వేసెను, రెండు దేశములకు యుద్ధము వచ్చెను. పాఠశాలలలోని బొమ్మలు శత్రువులని చాటింపు పుట్టెను. కొన్నిచోట్ల వాటిని కాల్చిరి, కొన్నిచోట్ల వెదురు బల్లెములతో పొడిచిరి. వృద్ధుడైన గ్యూలిక్ దొరగారు తాను ప్రేమించిన రెండు ప్రజలు ఒకరినొకరు చంపుకొనుట చూచిరి. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి పట్టణములు బూడిదయ్యెను. ఆ డిసెంబరు 20న ఆయన కన్నుమూసెను. నాటిన విత్తనములో ఏదైన మిగిలెనో లేదో కండ్లార చూచు భాగ్యము ఆయనకు లేదు.

అయితే మిగిలెను! కొందరు ఉపాధ్యాయులు ఆ బొమ్మలను కాల్చుటకు మనసొప్పక, అటకలమీదను సామాను గదులలోను దాచిరి. రాహాబు శత్రుదేశపు మనుష్యులను మిద్దెమీద జనుపకట్టెల క్రింద దాచినట్లే, వీరు తెలిసినయెడల ముప్పు వచ్చునని ఎరిగియు దాచిరి. యుద్ధము ముగిసి ఎన్నో యేండ్లు గడచిన తరువాత ఒక్కొక్క బొమ్మ వెలుగులోనికి వచ్చెను. మూడు వందలకు పైగా దొరికినవి. 1980వ దశకములో దొరగారి మనుమడు మరల జపాను బడులకు బొమ్మలు పంపనారంభించెను.

ప్రియులారా, బొమ్మలు యుద్ధమును ఆపలేదు, నిజమే. అయితే పన్నెండు వేలలో మూడు వందలు మిగులుట వ్యర్థమా? ద్వేషించుమని దేశమంతయు ఆజ్ఞాపించు దినమున, ఒక బడిపంతులు చేయి అగ్గిపుల్ల గీయనొల్లకపోయెను. ఆ చేతిని ఆపినది పదునారేండ్ల క్రిందట ఒక చిన్నపిల్ల కుట్టిన గౌను. నీళ్లమీద విడిచిన ఆహారమును గూర్చి ప్రసంగి చెప్పినది ఇదియే. విత్తువానికి పంట చూచు హక్కు లేదు, విత్తు హక్కు మాత్రమే కలదు.

మన ఊళ్లలో సముద్రములు లేవు గాని, రెండు వీధుల నడుమ మాటలు లేని గోడలు కలవు. పొలము గట్టు తగవు పెద్దలది. ఆ యింటి పిల్లతో ఆడవద్దని చెప్పి దానిని పిల్లల నెత్తికెత్తుచున్నాము. ఈ ఆదివారము మీ పిల్లచేత ఒక పండో, ఒక పలకో, ఆ గోడ అవతలి బిడ్డకు పంపి చూడుడి. తగవు వెంటనే తీరకపోవచ్చును. పంపుట మన వంతు, మొలిపించుట ప్రభువు వంతు. ఆయన సమాధానము మీ గృహములలో నుండును గాక. ఆమేన్.