కెప్టెన్ కిడ్ – పరవానా పుచ్చుకున్న ఓడదొంగ

ఓడదొంగ అనగానే మనకు కంటికి నల్లగుడ్డ కట్టుకున్న సినిమా మనిషి గుర్తుకొస్తాడు. విలియం కిడ్ అలాంటివాడు కాడు. న్యూయార్కులో ఇల్లూవాకిలీ, భార్యాబిడ్డలూ ఉన్న గృహస్థు. అక్కడ ట్రినిటీ చర్చి కడుతుంటే బరువులెత్తే సామాను ఎరువిచ్చిన పెద్దమనిషి. అట్టివాడు ఉరికంబం ఎలా ఎక్కాడో నాలుగు మాటల్లో చెప్పుకుందాం.

కిడ్ పుట్టింది స్కాట్లండులో. ఆ కాలంలో యుద్ధం వస్తే రాజులు ఓడల యజమానులకు పరవానా ఇచ్చేవారు. అది చేతిలో ఉంటే శత్రువుల ఓడను పట్టి వాటా పంచుకోవచ్చు. పరవానా ఉంటే రాజసేవ, లేకుంటే దొంగతనం. తేడా అంతా ఆ కాగితంలోనే ఉంది! కిడ్ 1689లో కరిబియన్ సముద్రంలో ఫ్రెంచివారి మీద అలాగే పోరాడాడు. మరుసటి ఏడు అతడు ఒడ్డున ఉండగా సొంత మనుషులే ఓడ ఎత్తుకుపోయారు. వారిలో కల్లిఫర్డ్ అనేవాడు ఒకడు.

1695లో సూరత్‌కు తిరిగివస్తున్న ఔరంగజేబు పాదుషా ఓడ గంజ్-ఎ-సవాయీని హెన్రీ ఎవెరీ అనే ఆంగ్లేయ దొంగ కొల్లగొట్టాడు. అందులో హజ్ ముగించుకొని వస్తున్న యాత్రికులున్నారు. మగవారిని హింసించారు, ఆడవారిని చెరిచారు. సూరత్‌లో ఇంగ్లీషు కంపెనీవారిని ఖైదులో పెట్టారు. ఇంచుమించు అదే రోజుల్లో లండనులో కొందరు ప్రభువులు చాటున పెట్టుబడి పెట్టి, ఓడదొంగలనూ ఫ్రెంచి ఓడలనూ పట్టమని కిడ్‌కు పరవానా ఇప్పించారు. రాజుకు పదోవంతు. పనివాళ్లకు మాత్రం దోపు దొరికితేనే వాటా, లేకుంటే జీతం సున్న.

కిడ్ 34 ఫిరంగుల ‘అడ్వెంచర్ గ్యాలీ’తో 1696లో బయలుదేరాడు. కొమొరో దీవుల్లో రోగం తగిలి చాలామంది చచ్చిపోయారు. దొంగలు దొరకలేదు, మనుషులు గొణగసాగారు. 1697 ఆగస్టులో ఎర్రసముద్రం ముఖద్వారం దగ్గర, యాత్రికులతో సరుకులతో సూరత్‌కు బయలుదేరిన ఓడల గుంపు మీద పడబోయాడు. కాపలా ఓడ ఫిరంగులు పేల్చితే వెనుదిరిగాడు. అక్టోబరులో విలియం మూర్ అనే ఫిరంగివాడితో మాటామాటా పెరిగి, ఇనుపపట్టీల బకెట్టుతో కొట్టాడు. అతడు మర్నాడు చనిపోయాడు.

1698 జనవరిలో బెంగాల్ నుంచి సూరత్ వెళుతున్న ‘కెదా మర్చంట్’ను పట్టాడు. ఓడ ఆర్మీనియా వర్తకులది. సరుకులో మొఘల్ దర్బారు అమీరు సొత్తూ ఉంది. కెప్టెన్ ఆంగ్లేయుడే అయినా, ఓడలో ఫ్రెంచివారి పత్రం ఉంది. అదే తనను కాపాడుతుందని కిడ్ నమ్మాడు.

మడగాస్కర్ తూర్పుతీరాన సెయింట్ మేరీ అనే చిన్న దీవి ఉంది. మంచి రేవు, మంచినీళ్లు, తిండి దొరికే చోటు. ఎర్రసముద్రానికీ హిందూదేశానికీ దారి కలిసిన చోటు. అది ఓడదొంగల పుట్టిల్లు. ఏప్రిల్‌లో కిడ్ అక్కడికి చేరేసరికి ఎదురుగా కల్లిఫర్డ్! పట్టవలసిన దొంగ అతడే. కిడ్ పట్టలేదు సరికదా, తన మనుషుల్లో చాలామంది వాడి పంచన చేరిపోయారు. చివికిన గ్యాలీని తగలబెట్టి, కెదా మర్చంట్ ఎక్కి కరిబియన్‌కు వెళ్లాడు.

అక్కడికెళ్లాక తెలిసింది, తనను ఓడదొంగగా ప్రకటించారని. పెట్టుబడిదారుల్లో ఒకడైన గవర్నర్ బెల్లమాంట్‌ను నమ్ముకొని ఫ్రెంచి పత్రాలు అప్పగించాడు. 1699లో బోస్టనులో ఆయనే ఖైదు చేయించాడు. 1701 మేలో లండనులో విచారణ జరిగినప్పుడు ఆ పత్రాలు కనిపించలేదు. మే 23న ఉరితీశారు. మొదటిసారి తాడు తెగితే మళ్లీ తీశారు. శవాన్ని థేమ్స్ ఒడ్డున గొలుసులతో వేలాడదీశారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ పత్రాలు ప్రభుత్వ దస్తావేజుల్లోనే బయటపడ్డాయి. ఓడ అవశేషాలు 2007లో డొమినికన్ రిపబ్లిక్ తీరాన దొరికాయి.

కిడ్ అమాయకుడని మేమనం. మూర్ ప్రాణం, వర్తకుల సొత్తు పోయింది అతని చేతిలోనే. కాని పరవానా రాయించిన ప్రభువుల్లో ఒక్కరికీ శిక్ష పడలేదు. పదిమంది తరపున అధికారం పుచ్చుకున్నవాడు లెక్క చెప్పాలి, నిజమే. ఇచ్చినవారూ చెప్పాలి. సూరత్ హాజీలకు, వర్తకులకు ఆ లెక్క ఎవరూ సరిగ్గా ఒప్పజెప్పలేదు.