ఏకధ్రువమును ఊహించిన విజ్ఞాని – పాల్ డిరాక్

ఆధునిక భౌతికశాస్త్ర నిర్మాతలలో అగ్రగణ్యుడగు పాల్ డిరాక్ 1902 వ సంవత్సరము ఆగస్టు 8 వ తేదీన ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున జన్మించెను. తండ్రి స్విట్జర్లాండు దేశమునుండి వచ్చిన ఫ్రెంచి ఉపాధ్యాయుడు. తనతో ఫ్రెంచిలోనే మాటాడవలెనను తండ్రి కట్టడివలన బాలుడు మౌనమునకు అలవాటుపడి, కడదాక మితభాషిగనే యుండెను. మొదట విద్యుత్ ఇంజనీరింగు చదివి, ఉద్యోగము దొరకక గణితమునకు మరలి, 1923 లో కేంబ్రిడ్జి చేరెను. 1928 లో ఎలక్ట్రాను వర్తనమును దెలుపు సమీకరణమును కనుగొని కీర్తి గాంచెను.

1931 లో ఆతడు ఒకే వ్యాసమున రెండు అపూర్వ కణములను ప్రతిపాదించెను. మొదటిది ఎలక్ట్రానుకు ప్రతిరూపమై ధనావేశము గలది. రెండవది ఏకధ్రువ కణము. సూదంటురాయిని ఎన్ని తునుకలు చేసినను ప్రతి తునుకకును ఉత్తర దక్షిణ ధ్రువములు రెండును ఉండును. ఒక్క ధ్రువమే గల కణము విశ్వమున ఒక్కటి యున్నను చాలును. ఎంత సొమ్మైనను చిన్న నాణెమునకు ఇన్ని రెట్లని తేలునట్లు, విద్యుదావేశము విడి విడి పాళ్లుగనే యేల లభించుచున్నదో తేటపడునని ఆతడు గణితముచే చూపెను.

మొదటి కణము మరుసటి యేడే దొరికెను. 1932 లో అమెరికాలో కార్ల్ ఆండర్సన్ విశ్వకిరణముల జాడలలో దానిని గుర్తించెను. 1933 లో డిరాక్, ష్రోడింగర్ నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

రెండవది మాత్రము చిక్కలేదు. చంద్రునినుండి తెచ్చిన రాళ్లలో సయితము వెదకిరి. డిరాక్ 1981 లో అబ్దుస్ సలాముకు లేఖ వ్రాయుచు, ఇన్నేండ్లుగ ప్రయోగములవలన ఊతము లభింపనందున అట్టి కణము లేదనియే తనకు తోచుచున్నదని తెలిపెను. మరుసటి యేడు ఫిబ్రవరి 14 న స్టాన్‌ఫర్డులో కబ్రేరా అమర్చిన యంత్రమున ఒక్క సూచన కనబడెను గాని అది మరల రాలేదు. 1984 అక్టోబరు 20 న డిరాక్ ఫ్లారిడాలో కీర్తిశేషుడయ్యెను.

అన్వేషణము ఆగలేదు. మన దేశమున కోలారు బంగారు గనుల లోతునను వెదకిరి. ఇటలీలో, ఇతర కిరణములను చాలవరకు అడ్డగించు గ్రాన్ సాసో పర్వతము క్రింద, 76 మీటర్ల పొడవు గల మాక్రో యంత్రము 1989 నుండి 2000 వరకు కాచుకొని యుండెను. ఒక్క కణమును దానికి చిక్కలేదు. అటుపై దక్షిణధ్రువపు మంచుగడ్డలోను వెదకుచున్నారు.

తన బుద్ధిలో పుట్టిన భావమే యైనను, గణితమెంత రమ్యమైనను, సాక్ష్యము లేనిదే దానిని సత్యమని పట్టుబట్టని డిరాక్ నిష్పక్షపాతబుద్ధి విద్యార్థి లోకమునకు అనుసరణీయము.