భాస్వరపు పరీక్షయు భీమవరపు వైద్యుడును

నేడు గోదావరి మండలములలో నాడిపట్టి చూచిన వైద్యుడు పిమ్మట రక్తపరీక్షకు చీటి వ్రాయుట పరిపాటి. రక్తములోని భాస్వరమును కొలుచుటకు దశాబ్దములపాటు లోకమంతట పరీక్షాశాలలకు ఆధారమైన పద్ధతిని కనుగొన్న యిరువురిలో నొకరు మనవారేయని యెందరెరుగుదురు? ఆయనను గూర్చి నాలుగు మాటలు వ్రాయుట మా విధియని తలచుచున్నాము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు కాలధర్మము నొందగా కుటుంబము చిక్కులపాలయ్యెను. తల్లి వెంకమ్మగారు మాత్రము పట్టు విడువలేదు. రాజమహేంద్రవరమున చదివి, తుదకు మద్రాసులో మూడవ యత్నమున మెట్రిక్యులేషను గట్టెక్కిరి. వైద్యవిద్యార్థిగా గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించిరి. అది ఆంగ్లేయ ఆచార్యునకు కంటగింపయ్యెను. ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే చేతికి వచ్చినది. బట్టను చూచి విద్యను తూచిన ఆ న్యాయమును మేమిప్పటికిని మరువజాలము.

సంగ్రహణివంటి వ్యాధితో సోదరులు మరణించుట ఆయనను పరిశోధనకు పురికొల్పెను. మామగారి ధనసాయముతో 1923లో బోస్టను చేరి, ఆసుపత్రిలో కూలిపని చేయుచు హార్వర్డున చదివిరి. ఫిస్కెగారితో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి యిట్టిది: రక్తమునుండి మాంసకృత్తులను తొలగించి, తేటకు ఆమ్లమును, మాలిబ్డేటును చేర్చి, పిదప మరియొక ద్రవ్యమును కలిపినచో నీలిరంగు పుట్టును. భాస్వర మెంత హెచ్చిన, నీలిమ యంత చిక్కనగును. పరిమాణము తెలిసిన ద్రావణపు రంగుతో పోల్చి లెక్క తేల్చెదరు. శిశువుల యెముకలు మెత్తబడు వ్యాధిలో భాస్వరము తగ్గుటయు, మూత్రపిండములు చెడినచో హెచ్చుటయు ఇట్లు తెలియవచ్చెను. కొలదిపాటి రక్తమే చాలును. పెద్ద యంత్రముల పనిలేదు. బీద ఆసుపత్రికి ఇంతకన్న కావలసినదేమి?

ఈ పద్ధతి త్రోవచూపగా 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని కండరములందు కనుగొనిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున ప్రవేశించిరి. అచట ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును సంధించెను. సంగ్రహణిని మాన్పుటకు అది సాయపడినది. సోదరులకు మాత్రము అందలేదు.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, అమెరికా పౌరసత్వము స్వీకరింపకయే న్యూయార్కులో కన్నుమూసిరి. అంతకు మున్ను 1947లో ఆయన బృందము వెలువరించిన మందు హెట్రజాను. బోదకాలు డెల్టావాసులకు తరతరముల శాపము. ఆ క్రిములు పగటి రక్తమున కానరావు. రాత్రివేళ తీసిన బొట్టులో సూక్ష్మదర్శినిక్రింద కదలుచుండును. వానిని చంపుటకు మన పల్లెలలో ఇంటింటికి పంచిన మాత్రలు ఆ మందే.