మార్లవాయిలో రెండు సమాధులు

మంచిర్యాల నుంచి లక్షెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూరు వెళ్లే దారి మన పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. ఉట్నూరు దాటి జైనూరు వైపు సాగితే మార్లవాయి అనే గోండు గూడెం వస్తుంది. అక్కడ రెండు సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. ఏటా జనవరి 11న గిరిజనులు అక్కడ చేరి హైమన్‌డార్ఫ్ దంపతులను తమ ఇంటి పెద్దలను తలచుకున్నట్టే తలచుకుంటారు.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో ఆయన మన దేశంలో ఉండగా యుద్ధం మొదలైంది. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందున బ్రిటిష్ వారు ఆయనను శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానం దాటి పోరాదన్నారు. ఆ ఆంక్షే మన అడవులకు మేలు చేసింది. ఆయన మొదట చెంచుల మధ్య, తర్వాత కొండరెడ్ల మధ్య గడిపారు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చి చంపారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని ఆ ప్రభుత్వమే హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని, భార్య బెట్టీతో కలిసి గోండుల మధ్యే ఉన్నారు.

కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కరలేదు. గుట్టల మీది తేలిక నేలను గోండులు కొన్నేళ్లు దున్ని, మరికొన్నేళ్లు బీడుగా వదిలేవారు. కొలతకు వచ్చిన అధికారికి ఆ బీడు ఎవరిదీ కాని భూమిగా కనిపించింది. కొంత రిజర్వు అడవిలో కలిసింది. తాతల నాటి చేలను గోండులు శివాయి జమాబందీ కింద, అంటే పట్టా లేకుండానే శిస్తు కడుతూ సాగుచేసేవారు. కాజీపేట-బల్లార్షా రైలుతో, కొత్త రోడ్లతో బయటివారు వచ్చి, కచేరీ సంగతులు తెలిసినందున ఆ చేలకే పట్టాలు చేయించుకున్నారు. నాబోతు ద్రాక్షతోట సంగతి ఎరిగిన మనకు ఇది కొత్త కథ కాదు.

హైమన్‌డార్ఫ్ నివేదిక రాసి ఊరుకోలేదు. ప్రభుత్వ సలహాదారుగా ఆ కాగితాన్ని కచేరీల వెంట తిప్పారు. రెవెన్యూ అధికారి సేతుమాధవరావు పగడి వంటివారు తోడయ్యారు. 1940లు ముగిసేసరికి ఆదిలాబాద్ జిల్లాలో 11,000కు పైగా గిరిజన కుటుంబాలకు దాదాపు 1,60,000 ఎకరాలు దక్కాయి. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వెలిసింది, గోండి భాషలో పాఠ్యపుస్తకాలు వచ్చాయి.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. భీమ్‌ను చంపిన ప్రభుత్వానికే ఆయన సలహాదారు. జోడేఘాట్‌లో నెత్తురు చిందకపోతే ఆ ఫైలు కదిలేదని మేము అనుకోవడం లేదు. ఆ లోటు ఆయన పనిని తక్కువ చేయదు, కానీ భూమి దక్కిన ఘనతను ఆయన ఒక్కరికే ఇవ్వడం మాత్రం న్యాయం కాదు.

తర్వాత ఆయన లండన్‌లో ఆచార్యుడయ్యారు. 1970లలో మళ్లీ ఆదిలాబాద్ వచ్చి చూస్తే, 1/70 చట్టం ఉండి కూడా, తాము ఇప్పించిన భూములు ఎన్నో చేతులు మారిపోయి ఉన్నాయి. తన పని విఫలమైనట్టు కనిపిస్తుందని జంకకుండా, 1982లో అచ్చయిన పుస్తకంలో ఆ సంగతి రాశారు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే ఉంచారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. అస్థికలు మార్లవాయి చేరి, ఆమె పక్కనే ఉన్నాయి.