సిలిండర్ కోసం పదకొండేళ్లు

జేమ్స్ వాట్ పేరు వినగానే మన బడిలో చదివిన ఎవరికైనా మూత ఎగిరే కెటిలే గుర్తొస్తుంది. ఆవిరి యంత్రాన్ని కనిపెట్టింది ఆయనేనని కూడా అనుకుంటాం. నిజానికి వాట్ పుట్టకముందే, 1712 నుంచే న్యూకమెన్ ఇంజన్లు గనుల్లో నీళ్లు తోడుతున్నాయి. పెద్ద పెద్ద టర్బైన్ కేసింగులకు బోరింగ్ చేసే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకేనేమో, నాకు కెటిల్ కంటే వాట్ పడ్డ సిలిండర్ తిప్పలే దగ్గరగా అనిపిస్తాయి.

వాట్ 1736లో స్కాట్లండ్‌లోని గ్రీనాక్‌లో పుట్టాడు. లండన్‌లో ఏడాదిపాటు కొలత పరికరాల పని నేర్చుకుని, గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. 1763-64 చలికాలంలో న్యూకమెన్ ఇంజను నమూనా ఒకటి ఆయన దగ్గరికి రిపేరుకొచ్చింది. ఆవిరిని నీరుగా మార్చడానికి ప్రతిసారీ సిలిండర్‌లోకే చన్నీళ్లు చిమ్ముతున్నారు. మళ్లీ దాన్ని వేడి చేయడానికే ఆవిరి చాలావరకు ఖర్చైపోతోంది. మిర్యాలగూడలో ఊక మండించి ఉప్పుడు బియ్యం చేసే మన మిత్రులకు ఈ నష్టం వేరే చెప్పనక్కర్లేదు. ఆవిరిని పక్కనే వేరే పాత్రలో చల్లార్చి, సిలిండర్‌ను ఎప్పుడూ వేడిగానే ఉంచాలన్న ఆలోచన 1765లో తట్టింది. 1769లో పేటెంటూ వచ్చింది.

ఇంజను మాత్రం నడవలేదు. న్యూకమెన్ ఇంజనులో పిస్టన్ మీద నీళ్లు నిలిపి సందులు మూసేవారు. సిలిండర్ వేడిగా ఉండాలి కాబట్టి వాట్‌కు ఆ వీలు లేదు. సందుల్లో కాగితం, నూనె గుడ్డ, చివరికి పాత టోపీ ముక్కలు కూడా కూరి చూశాడు. ఆవిరి కారుతూనే ఉంది. ఇల్లు గడవడానికి కాలువల సర్వే పనులు చేశాడు. 1773లో భాగస్వామి రోబక్ దివాలా తీశాడు. అదే ఏడాది భార్య చనిపోయింది. మరుసటి ఏడు బర్మింగ్‌హామ్‌కు, కొత్త భాగస్వామి బౌల్టన్ దగ్గరికి మకాం మార్చాడు.

అప్పటి బోరింగ్ మిషన్లలో కత్తి ఉన్న కడ్డీకి అవతలి కొనలో ఆధారం ఉండేది కాదు. పోత ఎటు వంకరగా ఉంటే కత్తీ అటే పోయేది. ఫిరంగులు బోరు చేసే జాన్ విల్కిన్సన్ ఆ కడ్డీని సిలిండర్‌లోంచి ఆసాంతం దూర్చి, రెండు కొనలా బేరింగుల మీద నిలిపాడు. 50 అంగుళాల సిలిండర్‌లో తేడా షిల్లింగ్ బిళ్ల మందానికి మించలేదట! ఇప్పుడు మేం మిల్లీమీటరులో వందో వంతు కోసం కొట్టుకుంటాం గానీ, పెద్ద బోర్లకు ఇప్పటికీ రెండు కొనలా ఆధారమిచ్చే పద్ధతే. 1776లో వాట్ ఇంజన్లు రెండు పనిలోకి దిగాయి.

సూర్యాపేట, కోదాడ హైవే మీద లారీలు నడిపిన మనవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. ఇంజను ఆయిల్ తాగుతుంటే బోరుకు ఇస్తాం కదా, జబ్బు అదే. విల్కిన్సన్ పేరు మాత్రం మన పాఠంలో లేదు. ఆయన తర్వాత వాట్‌కు వాటా ఎగ్గొట్టి దొంగచాటుగా ఇంజన్లు చేసి అమ్మాడు, అది వేరే సంగతి.

1800లో పేటెంటు గడువు తీరగానే వాట్ వ్యాపారం మానేశాడు. ఇంటి అటక మీద లేత్ పెట్టుకుని, శిల్పాలకు నకళ్లు చెక్కే మిషను మీద 1819లో పోయేదాకా పని చేస్తూనే ఉన్నాడు. ఆ గదిని పనిముట్లతో సహా లండన్ సైన్స్ మ్యూజియంలో పెట్టారు.